నూనె కాగితం పొట్లం

నాన్న సంవత్సరీకానికి విజయవాడ వెళ్లాను. కార్యక్రమం అయిపోయి, చుట్టాలు భోజనాలు చేసి ఒక్కొక్కరే వెళ్లిపోయాక అమ్మ బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, "పై అర నువ్వే సర్దమ్మా, నా వల్ల కావట్లేదు" అంది. పై అర నాన్నది. షాపు లెక్కల పుస్తకాలు, కాడ విరిగిన కళ్లజోడు, ఎల్ఐసీ కాగితాలు, తోలు సంచిలో ముక్కల కొలతలు తీసే ఒక వెర్నియర్. వాటన్నిటి వెనక పురికొసతో కట్టిన చిన్న పొట్లం. ఇంకా విప్పనే లేదు, వాసన తగిలింది.

కొత్త సామానుకు గ్రీజు పూసి చుట్టే పసుప్పచ్చ నూనె కాగితం వాసన అది. అందులో కాస్త మైనం ఉంటుంది, కాస్త కిరసనాయిలు ఉంటుంది, ఇనుము ఉంటుంది. నా చిన్నప్పుడు నాన్న చొక్కాలన్నిటికీ అదే వాసన. అమ్మ ఎంత ఉతికినా జేబు దగ్గర మిగిలే ఉండేది. రాత్రి నాన్న గుమ్మంలో అడుగు పెట్టగానే నేను ఆ జేబులో చెయ్యి పెట్టేదాన్ని. పిప్పరమెంటు బిళ్లలు దొరికేవి. వాటికీ అదే వాసన.

పొట్లం మీద నీలం బాల్‌పెన్నుతో నాన్న గుండ్రటి అక్షరాలు: "డాక్టరు గారి బండి శాంపిల్. పారెయ్యొద్దు."

బీరువా తలుపు చాటున చాలాసేపు నిలబడిపోయాను.

* * *

నాన్న ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో పనిచేసేవాడు. మొదట గుమస్తా, తర్వాత పావలా వాటా. మా ఇల్లు పటమటలో. శనివారం ఒంటిపూట బడి అయ్యాక క్యారేజీ నేనే పట్టుకెళ్లేదాన్ని.

ఆటోనగర్ రాకముందే దాని చప్పుడు వచ్చేసేది. ముందు టింకరింగ్ సుత్తులు. ఒకటి నింపాదిగా, ఒకటి తొందరగా, ఒకటి మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యేది. తర్వాత లారీ బాడీలు కట్టే చోట చేవకర్ర కోస్తున్న రంపం. ఆ పక్కన ఎవరో హారన్ బిగించి పదే పదే నొక్కి చూస్తుంటారు. వెల్డింగు షెడ్ల దగ్గరికి రాగానే, "అటు చూడకు పాపా, రాత్రికి కళ్లు మండుతాయి" అని ఎవరో ఒకరు కేకేసేవారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూసేదాన్ని. లారీ బాడీల మీద బొమ్మలేసే పెయింటరు మాత్రం ఆ గోలలో గుళ్లో కూర్చున్నట్టు కూర్చుని, కుంచె చివరతో తామర రేకులు దిద్దుకుంటూ ఉండేవాడు. ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్ మాదేనని ఊళ్లో అందరం గర్వంగా చెప్పుకునేవాళ్లం. ఆ మాట విన్నప్పుడల్లా అందులో నాన్నకీ వాటా ఉందనిపించేది.

కౌంటరు దగ్గర ఒక ముచ్చట నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. వచ్చిన మెకానిక్ ఎవరూ సామాను పేరు చెప్పరు. మురికి గుడ్డలో చుట్టి తెచ్చిన ముక్కను ఠప్పున బల్ల మీద పెట్టి "ఇదివ్వండి" అంటారంతే. నాన్న దాన్ని బొటనవేలితో తుడిచి, వెలుతురుకి పెట్టి, ఒకసారి తిప్పి చూసి సరాసరి ర్యాకుల మధ్యకు నడిచేవాడు. కింగ్‌పిన్, బెండెక్స్, క్లచ్ ప్లేటు, టై రాడ్ ఎండు, ఫ్యాన్ బెల్టు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పసుప్పచ్చ పొట్లం ఉండేది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, "చూసుకో" అనేవాడు. అవతలివాడు తలూపాకే బిల్లు.

అక్షరాలు కూడబలుక్కోవడం నేను ఆ డబ్బాల మీదే నేర్చుకున్నాను. లూకాస్. మైకో. ఎక్సైడ్. డన్‌లప్. అవన్నీ మన పేర్లేనని నా నమ్మకం. లూకాస్ ఇంగ్లండు కంపెనీ అనీ, మద్రాసు టీవీఎస్ వాళ్లతో కలిసి అక్కడే పాడి అనే చోట ఫ్యాక్టరీ పెట్టారనీ, బెంగుళూరులో తయారయ్యే మైకో ప్లగ్గు వెనక జర్మనీ బాష్ కంపెనీ ఉందనీ నాన్న చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మరి మనది ఏది నాన్నా?" అని అడిగాను. "సామాను దొరికేదల్లా మనదేనమ్మా" అని బిల్లు పుస్తకంలో కార్బన్ కాగితం సర్దుకున్నాడు.

* * *

అప్పట్లో కారంటే రెండే. అంబాసిడర్, ఫియట్. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డులు ఊళ్లో కొన్ని ఉండేవి కానీ అవి కనబడితే వింతగా చూసేవాళ్లం. గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల ముందు, గుంటూరు నుంచి వచ్చే పొగాకు వ్యాపారుల దగ్గర అంబాసిడర్లు. సూర్యారావుపేట డాక్టర్లవీ, గవర్నర్‌పేట లాయర్లవీ ఎక్కువగా ఫియట్లు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం కూర్చునేవాళ్లు. బుక్ చేసినవాడి కొడుక్కి పెళ్లీడు వచ్చాక బండి వచ్చిందని షాపులో చెప్పుకునేవారు.

ఈ రెంటినీ జనం మన దేశం బళ్లనే అనేవారు. నిజానికి అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో కొత్త పేరుతో మొదలైంది. ఫియట్ ఇటలీది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసేవారు, తర్వాత అదే పద్మిని అయింది. టాటా లారీ ముక్కు మీద కూడా 1969 దాకా బెంజ్ నక్షత్రమే. ఇద్దరూ కలిసి చేసిన బళ్లు కదా. మా అమ్మమ్మ ఏ టాటా లారీని చూసినా "బెంజి లారీ" అనేది. బెంజి సర్కిల్‌కి ఆ పేరు కూడా అక్కడ ఒకప్పుడున్న లారీల ఏజెన్సీ వల్లే వచ్చిందని పెద్దవాళ్లు చెప్పేవారు.

అసలు సిసలు ఫారిన్ కారంటే ఇంపాలా లాంటిది. ఏ పెళ్లి ఊరేగింపులోనో కనబడేది. అది వీధిలోంచి పోతుంటే షెడ్లలో సుత్తులు ఆగిపోయేవి. నాన్న కూడా కౌంటరు దిగి వచ్చి చూసేవాడు. చూసి, "పాపం, దీనికి ఓ ముక్క కావాలంటే ఎక్కడికి పోతారో" అనుకుంటూ లోపలికి వెళ్లేవాడు.

* * *

మారుతి వచ్చిన రోజుల్లో నేను బాగా చిన్నదాన్ని. 1983 డిసెంబరులో ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి తాళాలు ఇచ్చిన బండి మా వీధుల్లోకి రావడానికి కొంతకాలం పట్టింది. మొదటిసారి షెడ్డుకొచ్చిన తెల్ల మారుతి మాత్రం నాకు బాగా గుర్తు. గవర్నర్‌పేట లాయరు గారిది. నాన్న షాపు ఎదురుగా ఉన్న అంబాసిడర్ మేస్త్రి బానెట్ ఎత్తాడు. పదిమంది మూగారు. ఇంజను అడ్డంగా ఉంది, మూడే సిలిండర్లు. వెనక చక్రాలకు పోయే షాఫ్టే లేదు. "అగ్గిపెట్టె" అన్నారెవరో.

మేస్త్రి అరంగుళం పానా పెట్టాడు. వదులు. ఏడు బై పదహారు పెట్టాడు. పట్టలేదు. మళ్లీ అరంగుళం పెట్టి, ఈసారి పానాకూ బోల్టుకూ మధ్య రేకు ముక్క దోపి తిప్పబోయాడు. జారి వేళ్ల కణుపులు గీసుకుపోయాయి. ఇరవై ఏళ్లుగా ఆ వేళ్లకు తెలిసిన కొలతలన్నీ అంగుళాలవి. ఇది మిల్లీమీటర్ల బండి. చివరికి కుర్రాణ్ణి ఫియట్ షెడ్డుకు తరిమి పన్నెండు-పదమూడు పానా తెప్పించారు. అది ఠక్కున పట్టేసింది. మేస్త్రి నెత్తురు ప్యాంటుకు తుడుచుకుని ఆ పానా వైపే చూస్తుండిపోయాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది.

ఆ నెల సరుకు కోసం మద్రాసు వెళ్లినప్పుడు నాన్న మిల్లీమీటర్ల పానాలు నాలుగు సెట్లు తెచ్చాడు. మొదటి సెట్టు తనే తీసుకెళ్లి ఆ మేస్త్రి చేతిలో పెట్టాడు. డబ్బులు వీలున్నప్పుడు ఇమ్మన్నాడు.

మారుతి మనదా, జపాన్ సుజుకీదా అని టీ బడ్డీ దగ్గర గొడవ చాలాకాలం నడిచింది. సర్కారుదే పెద్ద వాటా కాబట్టి మనదని కొందరు, బుర్ర వాళ్లది కాబట్టి వాళ్లదని కొందరు. ఈలోపు ర్యాకుల్లో మారుతి సామాను ఒక అర నుంచి మూడు అరలకు పెరిగింది.

* * *

ఇక డాక్టరు గారి బండి.

సూర్యారావుపేటలో పిల్లల డాక్టరు ఆయన. నాకు చిన్నప్పుడు మందులిచ్చింది కూడా ఆయనే. 1993లో కార్ల మీద లైసెన్సులు ఎత్తేశాక విదేశీ కంపెనీలు వరసగా దిగాయి. ఆయన ముచ్చటపడి అందులో ఒకటి కొనుక్కున్నారు. పేరు ఇప్పుడెందుకు. ముదురు ఆకుపచ్చ రంగు. తలుపు వేస్తే ధబ్ అని కాకుండా మెత్తగా మూసుకునేది. నాన్న నాకు ఆ తలుపు నాలుగైదుసార్లు వేసి చూపించాడు.

రెండేళ్లు తిరిగిందో లేదో ఊళ్లో డీలరు షట్టర్ దించేశాడు. కంపెనీ సామాను పెట్టెల్లో తెప్పించి ఇక్కడ బిగించి అమ్మింది తప్ప ఇక్కడ చేసింది తక్కువ. పెట్టెలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే సెల్ఫ్ మోటారు మొండికేసింది. తాళం తిప్పితే గిర్రున తిరగాల్సింది, కట్ కట్ మని నీలిగి ఊరుకునేది. డాక్టరు గారు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లాలంటే వాచ్‌మన్, పాలబ్బాయి, పక్కింటివాళ్లు కలిసి తోసేవారు. ఒకసారి అర్ధరాత్రి ఎవరి బిడ్డకో ఫిట్స్ వచ్చాయని ఫోనొస్తే బండి కదల్లేదు. ఆయన రిక్షాలో వెళ్లారు. మర్నాడు షాపుకొచ్చి చెబుతుంటే ఆయన గొంతు వణికింది.

నాన్న మోటారు విప్పించాడు. లోపల షాఫ్టుకు తొడిగే చిన్న లోహపు గొట్టం, బుష్షు, అరిగిపోయింది. వేలి గోరంత ముక్క. మద్రాసులో జనరల్ ప్యాటర్స్ రోడ్డు అంతా తిరిగాడు. లేదు. బొంబాయికి ఫోన్లు చేశాడు. లేదు. చివరికి అరిగిన బుష్షు పట్టుకుని మా వెనక వీధి లేత్ మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు నేనూ ఉన్నాను.

అరిగినదాన్ని బట్టి అరగనిది ఎంతుండేదో తెలుసుకోవాలి, అదీ చిక్కు. నాన్న వెర్నియర్ పెట్టి షాఫ్టు కొలిచాడు. మేస్త్రి బుష్షు అంచులు కొలిచాడు, ఎందుకంటే అంచు అరగదు. ఇద్దరూ సిగరెట్ పెట్టె అట్ట మీద అంకెలు వేసుకున్నారు. తర్వాత మేస్త్రి గన్‌మెటల్ కడ్డీ బిగించి లేత్ ఆన్ చేశాడు. బంగారు రంగు పొట్టు చుట్లు చుట్లుగా కింద రాలింది. మొదటిది బిగువైంది. రెండోది వెంట్రుకవాసి వదులు. మూడోది షాఫ్టుకు తొడిగి, మేస్త్రి కళ్లు మూసుకుని వేలితో తిప్పాడు. తిప్పి నాన్న చేతికిచ్చాడు. నాన్న కూడా కళ్లు మూసుకునే తిప్పాడు.

ఆ సాయంత్రం తాళం తిప్పగానే బండి లేచింది. డాక్టరు గారు సీట్లోంచి దిగి వచ్చి నల్లగా ఉన్న మేస్త్రి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

ఆ బుష్షు మీద బండి మూడేళ్లు తిరిగింది. అరిగాక ఇంకోటి చేయించారు. ఆ తర్వాత కూడా చాలాకాలం ఆ ఆకుపచ్చ బండి ఏలూరు రోడ్డు మీద కనబడుతూనే ఉండేది.

* * *

1999లో, నేను డిగ్రీ చదువుతుండగా, నాన్న కారు కొనాలనుకున్నాడు. నూజివీడు వైపు ఉన్న మామిడి తోటలో తన వంతు అమ్మితే వచ్చిన డబ్బు. ముప్పై ఏళ్లు కారు సామాను అమ్మిన మనిషికి అప్పటిదాకా లూనాయే బండి.

అప్పుడే, కొన్ని నెలల తేడాతో, కొరియా హ్యుందాయ్ శాంత్రో, టాటా ఇండికా దిగాయి. నేను ఇండికా అన్నాను. మనవాళ్లు మన గడ్డ మీద మొదటిసారి సొంతంగా చేసిన కారని అందరూ చెప్పుకునేవారు. అంబాసిడర్ అంత చోటు, జెన్ అంత సైజు, మారుతి ధర, డీజిల్ ఖర్చు అని రతన్ టాటా చెప్పిన మాట పేపర్లో చదివి కత్తిరించి పెట్టుకున్నాను. లక్షకు పైగా జనం ముందే డబ్బు కట్టారని చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. మామయ్యది ఇంకో దారి. "బావగారూ, కొరియా ఇంజను, మల్టీ పాయింట్ ఇంజెక్షను, చప్పుడే ఉండదు" అని రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. టీవీలో షారుఖ్ ఖాన్ కనబడగానే అమ్మ కూడా అటే తిరిగింది.

నాన్న ఏమీ అనలేదు. బిల్లు పుస్తకం వెనక పేజీలో రెండు గడులు గీసుకున్నాడు. అందులో మైలేజీ లేదు, పికప్పు లేదు. హెడ్‌లైటు, సైలెన్సరు, క్లచ్ ప్లేటు, ముందు అద్దం, బంపరు. ఒక్కోదానికి ఎదురుగా ఎక్కణ్ణుంచి రావాలి, ఎన్నాళ్లకు వస్తుంది. రాత్రి బండెక్కి చెన్నై వెళ్లి విచారించి వచ్చాడు. వచ్చిన రోజు అన్నం తింటూ, "శాంత్రో తీసుకుందాం" అన్నాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "అది పూర్తిగా కొరియా వాళ్లది నాన్నా. వాటా కూడా మనవాళ్లకు లేదు. ముప్పై ఏళ్లు అంబాసిడర్ అన్నం తిన్నావు, ఇప్పుడు మనవాళ్లు ఒకటి చేస్తే బయటివాడిది కొంటావా?" అన్నాను. అమ్మ నోరు మూసుకోమని సైగ చేసింది. మూసుకోలేదు. డాక్టరు గారి గతి మనకూ పడుతుందన్నాను.

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నేను తిన్నది ఆగిపోయిన బళ్ల అన్నం తల్లీ. ఏ బండైనా ఆగుతుంది, మనదైనా, పరాయిదైనా. ఆగినప్పుడు తెల్లారేసరికి సామాను రావాలి. ఈ ఫ్యాక్టరీ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. చుట్టూ చిన్న చిన్న కంపెనీలు లేచాయి, అద్దాలు ఒకడు, సీట్లు ఒకడు. నేను చూసొచ్చాను. రాత్రి లారీకి వేస్తే పొద్దున నా కౌంటరు మీద ఉంటుంది. టాటా బండి పూనా నుంచి రావాలి. రేపు కొరియావాడు లేచిపోయినా ఆ అద్దాలవాడు ఎక్కడికీ పోడు. డాక్టరు గారి కంపెనీ పెట్టెలు తెచ్చింది. వీళ్లు కొలుములు తెచ్చారు."

నేను వినదలుచుకోలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. బండి తెచ్చుకునే రోజు తలనొప్పని పడుకున్నాను. అమ్మా నాన్నా మామయ్యా షోరూము నుంచి సరాసరి ఇంద్రకీలాద్రి దగ్గరికి వెళ్లి పూజ చేయించుకుని వచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు అద్దుతుంటే నాన్న ఒకటే అన్నాడట, అమ్మ తర్వాత చెప్పింది: "అమ్మాయి ఉంటే బాగుండేది." ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

* * *

ఆ బండి మీదే నాన్న యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాడు, ఆ తర్వాత నాకు నేర్పాడు. బందరు కాలవ గట్టు మీద, పొద్దున్నే, గేదెలు రాకముందు. క్లచ్ వదిలేటప్పుడు, "అక్కడ ప్లేటు తాకుతోంది, కాలికి తెలుస్తోందా?" అని అడిగేవాడు. నాన్నకు బండి బయటి నుంచి తెలియదు. లోపలున్న ప్రతి ముక్క విడివిడిగా తెలుసు, ఏ ముక్క ఎప్పుడు ఏం చేస్తోందో చెబుతూ పక్కన కూర్చునేవాడు. అలా నేర్పే గురువు నాకు తెలిసి ఇంకొకరు లేరు. 2004 పుష్కరాలకు చుట్టాలందరినీ ఘాట్లకు తిప్పింది ఆ బండే.

2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ ఆగిపోయిందని వార్త వచ్చింది. నాన్న అప్పటికి షాపు మానేశాడు. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటోనగర్ వెళ్లాడు. పాత ర్యాకుల్లో మిగిలిన అంబాసిడర్ సామానంతా దింపించి, దుమ్ము తుడిచి, కొత్త నూనె కాగితాల్లో చుట్టించి, మళ్లీ పైకెక్కించి వచ్చాడు. "ఇంకా రోడ్ల మీద తిరిగేవి ఉన్నాయి కదా" అన్నాడు. మూడేళ్లకు అంబాసిడర్ పేరును ఫ్రాన్సు పెజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. అది చదివి నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఇంకో రెండేళ్లకు పెనుకొండ దగ్గర కొరియా కియా కంపెనీ కార్లు తయారుచేయడం మొదలైంది. ఆంధ్రాలో తయారైన కారు చూడాలని ఉందంటే తమ్ముడు షోరూముకు తీసుకెళ్లాడు. సేల్స్ కుర్రాడు స్క్రీనూ సన్‌రూఫూ చూపిస్తుంటే, నాన్న వంగి చక్రం వెనక ఏవో చూసి, "లోయర్ ఆర్మ్ బుష్షు విడిగా దొరుకుతుందా బాబూ?" అని అడిగాడట.

* * *

మర్నాడు ఆ పొట్లం పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. సుత్తుల చప్పుడు తగ్గింది. లేత్ మేస్త్రి పోయి చాలాకాలమైంది. కొడుకు ఉన్నాడు, కంప్యూటరు మిషను పెట్టాడు. పాత లేత్ కూడా మూలన అలాగే ఉంచాడు.

పొట్లం అతని బల్ల మీదే విప్పాను. నూనె కాగితంలో రెండు బుష్షులు. రెండూ అరిగినవే, రెండూ నల్లబడ్డవే. ఒకటి బండితో పాటు సముద్రం దాటి వచ్చింది. ఒకటి ఆ మూలనున్న లేత్ మీద నా కళ్ల ముందు చేసింది. రెండింటినీ అరచేతిలో పెట్టుకుని ఎంత తిప్పి చూసినా ఏది ఏదో నాకు అంతుపట్టలేదు.

"ఇలా ఇవ్వక్కా" అన్నాడు. ఒక్కోటి తీసుకుని నాన్నలాగే బొటనవేలితో తుడిచాడు. వెలుతురు వైపు తిరిగి, ఒకదాని అంచు మీద గోరు ఆనించి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు.

"ఇదీ మా నాన్నది. అంచు చూడు, వేలికి కోసుకోకుండా లోపలివైపు కాస్త మలిచేవాడు. ఎవరూ అడక్కపోయినా మలిచేవాడు."

దాన్ని వెంటనే బల్ల మీద పెట్టలేదు. కాసేపు అలాగే గుప్పెట్లో ఉంచుకున్నాడు. ఇంకోటి నేను తీసుకుని కాగితంలో చుట్టాను.